విత్తనానికి ఒక కాయ వదలడం బడి నేర్పాలి

ఏటా జూన్‌లో మన పత్రికల్లో రెండు రకాల ఫొటోలు పక్కపక్కనే వస్తాయి. ఒకటి పర్యావరణ దినోత్సవం నాడు బడి ఆవరణలో మొక్కలు నాటుతున్న పిల్లలది. రెండోది విత్తనాల కోసం వరుసలో చెప్పులు పెట్టి ఎండలో కూర్చున్న రైతులది. ఆ కింద ఎక్కడో నకిలీ విత్తనాల సంచులు పట్టుబడిన వార్త ఉంటుంది. ఈ రెండు ఫొటోలకూ సంబంధం ఉందని మనకు తోచదు. బడిలో మొక్క పర్యావరణం కింద, దుకాణంలో విత్తనం వ్యవసాయం కింద జమ. శాఖలు వేరు, పద్దులు వేరు. కానీ గింజ మొలవకపోతే నష్టపోయేది ఆ మొదటి ఫొటోలోని పిల్లల ఇళ్లే. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని తప్పులేకుండా రాసే పదో తరగతి విద్యార్థి, నాన్న తెచ్చిన సంచిలో నూటికి ఎన్ని గింజలు మొలుస్తాయో పరీక్షించి చెప్పలేకపోతున్నాడు. నిజానికి ఆ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. నూరు గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెపట్టా మీద పేర్చి చుట్టి, వారం పది రోజులు తడి ఆరకుండా చూస్తే చాలు. వరికి 80, వేరుశనగకు 70 మొలవాలన్నది మన దేశంలో విత్తన ప్రమాణం. శాతాల లెక్క నేర్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏ గణితం పుస్తకంలోనూ ఉండదు. ఉపయోగపడే మొక్కల గురించి, విత్తన సంరక్షణ గురించి బడిలో నేర్పాలా, నేర్పితే ఎలా అన్న చర్చ ఏటా ఈ రోజుల్లోనే వస్తుంది. నాట్లు పూర్తయ్యేసరికి మరుగున పడుతుంది.

నా ఉద్దేశంలో ఆ చర్చ మొదలయ్యే చోటే తప్పుంది. బడికి పచ్చదనమంటే మొక్క నాటడమేనని మనం ఎప్పుడో తీర్మానించుకున్నాం. 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయమంది. 2001లో కేంద్రం జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు పెట్టించింది. 2015లో తెలంగాణలో హరితహారం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వనం-మనం వచ్చాయి. 2019లో బడి పోషకాహార తోటలకు కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో అమ్మ పేరిట ఒక మొక్క నాటమని పిలుపొచ్చింది. వీటిలో దేనినీ తీసిపారేయను. అయితే దాదాపు అన్నింటిలోనూ కొలమానం ఒక్కటే: ఎన్ని మొక్కలు నాటారు? నాటిన మొక్కకు గడ్డుకాలం మొదటి ఎండాకాలం. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడికి తాళం. మొక్క ఎందుకు బతకలేదో కనుక్కోవడానికి విచారణ అక్కర్లేదు.

ఏడాది పంటకు ఈ ఇబ్బంది లేదు. బడి తెరిచాక వానతో పాటు విత్తితే బెండ, గోంగూర ఆకాశం తెరిపిచ్చేనాటికి చేతికొస్తాయి. చిక్కుడు సంక్రాంతికి కాపు మీద ఉంటుంది. జొన్న కంకి, కంది కాయ జనవరిలోపు ఎండుతాయి. ఫిబ్రవరిలో గింజ ఆరబెట్టి సీసాలో పోస్తే వేసవి సెలవుల్లో దానికి నీళ్లక్కర్లేదు, కంచె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. మళ్లీ బడి తెరవగానే కింది తరగతి నుంచి వచ్చిన పిల్లలు అదే గింజ విత్తుతారు. మన విద్యా సంవత్సరానికి చెట్టుకన్నా విత్తనమే బాగా అమరుతుంది. మొక్క నాటడంతో ఆగిపోయే పాఠాన్ని విత్తనం నుంచి విత్తనం దాకా నడపాలన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

గింజ నుంచి గింజ దాకా

కూరకు కోసే కాయ వేరు, విత్తనానికి వదిలే కాయ వేరు. ఈ చిన్న తేడా తెలియకపోవడం వల్లే పెరటి తోటలు ఒక కాపుతో ఆగిపోతున్నాయి. బెండకాయ లేతగా కోస్తాం, ముదిరితే పారేస్తాం. ఆ ముదురే విత్తనం. ముల్లంగి పూత చూసినవాళ్లు పల్లెల్లో కూడా తక్కువే, ఎందుకంటే పూత రాకముందే పీకేస్తాం. పాదుకు కాసిన వాటిలో మేలైన కాయను, తెగులు తట్టుకున్న తీగ మీది కాయను విత్తనానికి గుర్తుపెట్టి వదలాలి. తినగా మిగిలిన నాసి కాయను కాదు. మంచిదాన్ని కళ్లముందు పెట్టుకుని కోయకుండా ఉండడం పిల్లలకు కష్టమే. ఆ నిగ్రహం, ఆ ఎంపిక కలిసే మనిషి గడ్డి గింజల్ని తిండి గింజలుగా మార్చాడు.

తరగతులు పెరిగే కొద్దీ పాఠం లోతుగా వెళ్లొచ్చు. వరి, చిక్కుడు, టమాటా ఎక్కువగా తమలో తామే ఫలదీకరణం చెందుతాయి. పక్కపక్కన రెండు రకాలు వేసినా పెద్దగా కలవవు. వరి విత్తనోత్పత్తికి రెండు రకాల మధ్య 3 మీటర్ల దూరం చాలని నిబంధనలు చెబుతాయి. అందుకే ఆరో తరగతి వీటితో మొదలుపెట్టాలి. సొర, బీర, గుమ్మడిలో ఆడపువ్వు, మగపువ్వు వేరు. తేనెటీగలు, రెక్కల పురుగులు పుప్పొడిని మోసుకుపోతాయి కాబట్టి వీటికి వందల మీటర్ల ఎడం కావాలి. అంత స్థలం ఏ బడికీ ఉండదు. కాబట్టి విచ్చకముందే మొగ్గలకు దారం కట్టి, విచ్చే వేళకు చేత్తో పుప్పొడి అంటించి, మళ్లీ కట్టేయాలి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుతుంది, సొర సాయంత్రం. ఎనిమిదో తరగతి పిల్లలు సులువుగా చేయగలిగిన పని ఇది. పరాగ సంపర్కం పాఠాన్ని బొమ్మ గీసి నేర్చుకున్న పిల్లలకూ, ఇలా నేర్చుకున్న పిల్లలకూ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

దాచడం కూడా శాస్త్రమే. గింజలో తేమ ఒక శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందనీ, నిల్వ ఉంచిన చోట వేడి సుమారు 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా అంతేననీ విత్తన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. మన ఇళ్లలో బూడిద కలిపి, వేపాకో వావిలాకో వేసి, సొరబుర్రల్లో, కుండల్లో విత్తనాలు దాచింది తేమనూ పురుగునూ దూరం పెట్టడానికే. ఈ పద్ధతుల్లో ఏది ఎంత పనిచేస్తుందో తేల్చడానికి నాలుగు సీసాలు చాలు. ఒకదాంట్లో బూడిద, ఒకదాంట్లో వేపాకు, ఒకదాంట్లో వావిలాకు, నాలుగోదాంట్లో ఏమీ లేకుండా ఒకే గింజ పోసి, ఏడాది తర్వాత మొలక శాతం లెక్కపెడితే సరి. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మడం, పాతదని కొట్టిపారేయడం రెండూ తప్పేనని ఆ లెక్క నేర్పుతుంది. మామిడి, పనస టెంకలకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. ఎండితే అవి చచ్చిపోతాయి.

పదో తరగతికి వచ్చేసరికి మెండెల్ బఠానీలు ఉండనే ఉన్నాయి. హైబ్రిడ్ టమాటా పండు గింజలు తీసి మళ్లీ విత్తితే మొక్కలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వస్తాయి. కాయ సైజు మారుతుంది, ఆకారం మారుతుంది. హైబ్రిడ్ విత్తనాన్ని రైతు ఎందుకు దాచుకోలేడో, ఏటా ఎందుకు కొనాల్సి వస్తుందో ఆ మడి దగ్గర నిలబడితే అర్థమవుతుంది. జన్యుశాస్త్రం, రైతు ఖర్చుల లెక్క ఒకే చోట దొరికే పాఠం అది. ఈ సందర్భంలో ఒక బాధాకరమైన సంగతి చెప్పక తప్పదు. హైబ్రిడ్ విత్తనోత్పత్తికి తెలంగాణ దేశంలోనే ముఖ్య కేంద్రం. గద్వాల, కర్నూలు ప్రాంతాల సీడు పత్తి చేలల్లో 'క్రాసింగ్' పనికి బడి మానిపించిన పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, పెద్ద సంఖ్యలో పెట్టారని 1990ల చివరి నుంచి పరిశోధకులూ స్వచ్ఛంద సంస్థలూ రుజువులతో చూపారు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దిన ఆ చేతులకు తాము చేస్తున్నది ఏ శాస్త్రమో చెప్పినవారు లేరు. కూలిగా పిల్లల చేత చేయించిన పనిని విద్యగా నేర్పడానికి మాత్రం మనకు ఇంకా తీరిక చిక్కలేదు.

ఒక్క రకం మీద బతకలేం

విత్తన వైవిధ్యం ఎందుకు కావాలో పిల్లలకు చెప్పడానికి గోదావరి జిల్లాల కథ ఒకటి చాలు. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో విడుదలైన స్వర్ణ వరి దేశమంతా పాకింది. దిగుబడిలో మేటి, కానీ రోజుల తరబడి మునిగితే కుళ్లిపోయేది. మునిగినా బతికే గుణం ఒడిశా రైతులు తరతరాలుగా వేసుకున్న ఒక పాత రకంలో దొరికింది. దానికి కారణమైన జన్యువును 2006లో గుర్తించి, స్వర్ణలోకి తెచ్చి, 2009లో స్వర్ణ సబ్-1 పేరుతో మన దేశంలో విడుదల చేశారు. అది దాదాపు రెండు వారాల మునకను తట్టుకుంటుంది. ఆ పాత రకాన్ని దిగుబడి తక్కువని అందరూ వదిలేసి ఉంటే ఈ కథే లేదు. 1970లలో ఆసియా వరిని గడ్డి పొట్టి తెగులు వైరస్ చుట్టుముట్టినప్పుడు 6 వేలకు పైగా నమూనాలు వెతికితే, ఉత్తరప్రదేశ్‌లో సేకరించిన ఒక్క అడవి వరిలోనే తట్టుకునే గుణం కనబడింది. పొలం గట్టున కలుపుగా పీకేసే మొక్క అది.

వీటిని కాపాడే పని జన్యుబ్యాంకులకు వదిలేస్తే సరిపోదా అని అడగవచ్చు. వాటి గొప్పతనం కాదనలేనిది. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో వావిలోవ్ సంస్థ శాస్త్రజ్ఞులు కొందరు బియ్యం, గోధుమ గింజల మధ్యే ఆకలితో చనిపోయారు గానీ ఆ నమూనాలను ముట్టలేదు. నార్వే స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తన భాండాగారం మైనస్ 18 డిగ్రీల దగ్గర ప్రపంచ పంటల నకళ్లను దాస్తోంది. సిరియా యుద్ధంలో అలెప్పో జన్యుబ్యాంకు అందకుండా పోయినప్పుడు 2015లో స్వాల్‌బార్డ్ నుంచే విత్తనాలు వెనక్కి తెప్పించి లెబనాన్, మొరాకోలలో మళ్లీ పండించారు. మన ఢిల్లీలోని జాతీయ జన్యుబ్యాంకులో 4.5 లక్షలకు పైగా, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 144 దేశాల నుంచి వచ్చిన 1.28 లక్షలకు పైగా నమూనాలున్నాయి. అయితే చల్లటి గదిలో గింజ నిద్రపోతుంది. మారుతున్న వానలనూ కొత్త పురుగులనూ అది ఎదుర్కోదు. ఎప్పటికప్పుడు వాతావరణానికి అలవాటు పడుతూ ఉండేది పొలంలో ఉన్న విత్తనమే. ఆ విత్తనాన్ని ఎలా వండాలో, ఏ కార్తెలో విత్తాలో తెలిసిన మనిషి కూడా పొలం దగ్గరే ఉంటాడు. ఆ తెలివిని మైనస్ 18 డిగ్రీల్లో దాచలేం. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలు, ఇంటింటా విత్తనాలు నిలబెట్టి పాత పంటల జాతరలో ఊరూరా తిప్పారు. వాళ్లు చేసి చూపింది ఇదే. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. బడి చదువుతో పాటు వ్యవసాయం, మూలికలు నేర్పే పచ్చసాలెను మాచ్‌నూర్‌లో నడిపిన అనుభవం కూడా ఆ సంస్థకు ఉంది.

అభ్యంతరాల్లో బలమైనవి

వ్యవసాయ శాస్త్రజ్ఞుల్లో ఒక వర్గం దీన్ని పాత మోజుగా చూస్తుంది. దాచుకున్న విత్తనంలో కల్తీ పెరిగి దిగుబడి తగ్గుతుందనీ, వరి లాంటి పంటల్లో కనీసం మూడేళ్లకోసారి విత్తనం మార్చాలనీ వారి వాదన. అది సరైన వాదనే. కానీ మూడేళ్లకోసారి మార్చడమంటే మిగిలిన రెండేళ్లు సొంత విత్తనం వాడడమే కదా. ఆ రెండేళ్లు దాన్ని కల్తీ కాకుండా ఎలా కట్టుకోవాలో తెలిసి ఉండాలి. సోయాబీన్ వేసే ఆదిలాబాద్ రైతులను సొంత విత్తనం మొలక పరీక్షించి వాడుకోమని వ్యవసాయ శాఖే చెబుతుంటుంది. కాబట్టి విత్తన విద్యకూ మేలైన వంగడాలకూ పోటీ పెట్టనక్కర్లేదు. పాత విత్తనాలే మేలని పిల్లలకు నూరిపోయడం కూడా నాకు సమ్మతం కాదు. పక్కపక్కన విత్తి, తూకం వేసి, వండుకు తిని, తేడా వాళ్లనే రాయనివ్వాలి.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది. చదువుకోమని పంపితే మట్టి పని చేయిస్తారా అని. పట్నం మనుషులకు ఇది మూర్ఖత్వంగా కనబడవచ్చు. తరాల తరబడి ఇతరుల పొలాల్లో వంగిన కుటుంబానికి బడి అంటే ఆ పని నుంచి విముక్తి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడి సమయాన్ని ఒక పూటకు కుదించి, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోలేదు. అది కులవిద్య అని జనం తిరగబడితే 1954లో కామరాజ్ ప్రభుత్వం ఎత్తేసింది. ఆ తిరుగుబాటు న్యాయమైనది. గాంధీజీ 1937లో వార్ధాలో ప్రతిపాదించిన నయీ తాలీమ్ అన్ని వర్గాల పిల్లలకూ చేతి పని అంది గానీ, ఆచరణలో అది పేదల బడులకే పరిమితమై చిక్కిపోయింది. అందుకే విత్తన పాఠం జిల్లా పరిషత్ పాఠశాలలో ఉంటే హైదరాబాద్, విజయవాడ కార్పొరేట్ బడిలోనూ ఉండాలి. అక్కడ నేల లేకపోతే డాబా మీద కుండీలు చాలు. మార్కులు ఇద్దరికీ సమానంగా ఉండాలి. కలుపు తీయడం, నీళ్లు మోయడం శిక్షగానో కొందరి వంతుగానో ఎక్కడ మారినా ఆ కార్యక్రమాన్ని అక్కడికక్కడ ఆపేయాలి. ఈ షరతు లేకుండా దీన్ని సమర్థించడం నా వల్ల కాదు.

మూడోది జన్యుశాస్త్ర పరమైన అభ్యంతరం, నిజానికి అన్నిటికన్నా గట్టిది. పది మొక్కజొన్న మొక్కల నుంచి ఏటా విత్తనం తీస్తే కొన్నేళ్లకు ఆ రకం క్షీణిస్తుంది. చిన్న మడిలో అరుదైన రకం పోతే మళ్లీ రాదు. కాబట్టి బడి జన్యుబ్యాంకు కాకూడదు. ఏ విత్తనానికైనా బడి ఒక్కటే ఆధారంగా ఉండే పరిస్థితి రానీయకూడదు. బడికిచ్చిన ప్రతి రకం రైతు దగ్గరో సంఘం దగ్గరో ఉండి తీరాలి. విత్తనాన్ని కాపాడే బాధ్యత పిల్లలది కాదు. కాపాడడం తెలిసిన మనుషుల్ని తయారుచేయడమే బడి పని.

ఇతర దేశాలు ఏం చేస్తున్నాయి

జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు అసగావో అనే పూలతీగను ఒక్కొక్కరు ఒక్కో కుండీలో పెంచుతారు. మన కాశీరత్నానికి దగ్గరి చుట్టం అది. వేసవి సెలవులకు కుండీని ఇంటికి తీసుకెళ్తారు. ఆకురాలే కాలంలో గింజలు ఏరి, చాలా బడుల్లో మరుసటి ఏడాది చేరే ఒకటో తరగతి పిల్లలకు కానుకగా ఇస్తారు. రెండో తరగతిలో కూరగాయలు, ఐదో తరగతిలో వరి. కొన్ని బడుల్లో వరి బకెట్లలోనే పండుతుంది. 2005లో ఆహార విద్యకు ప్రత్యేక చట్టమే చేసుకున్న దేశం అది. అక్కడ నన్ను ఆకట్టుకునేది చట్టం కన్నా ఆ క్రమం. విత్తనం చేతులు మారడం ఏటా జరిగే మామూలు పనిగా మారింది.

ఫిలిప్పీన్స్ మనకు మరింత దగ్గరి ఉదాహరణ. అక్కడి విద్యాశాఖ బడితోటల పథకంలో, కవీతె కేంద్రంగా పనిచేసే గ్రామీణ పునర్నిర్మాణ సంస్థ తోడ్పాటుతో, కొన్ని ఎంపిక చేసిన బడులు 'పంటల మ్యూజియం'లుగా స్థానిక కూరగాయల రకాలను ఏటా పండించి చుట్టుపక్కల బడులకు విత్తనం పంచుతాయి. ప్రతి బడికీ అన్నీ చేయమని చెప్పకుండా, నిలకడ ఉన్న కొన్నింటి మీద భారం పెట్టడం తెలివైన పని. బ్రిటన్‌లో 2016లో మరో రకం ప్రయోగం జరిగింది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి వచ్చిన 2 కిలోల ఆకుకూర విత్తనాలను మామూలు విత్తనాలతో పాటు వేలాది బడులకు పంచి, ఏవి ఏవో చెప్పకుండా 6 లక్షల మంది పిల్లల చేత పెంచి కొలిపించారు. అంతరిక్షం నుంచి వచ్చినవి కాస్త నెమ్మదిగా పెరిగాయని తేలింది. పిల్లల కొలతలతో నిజమైన శాస్త్రం చేయవచ్చని దీంతో తెలిసింది.

అయితే మనం జాగ్రత్తగా చదవాల్సింది నేపాల్ అనుభవం. ప్రపంచ కూరగాయల పరిశోధన కేంద్రం అక్కడ బడితోటలను శాస్త్రీయంగా పరీక్షించింది. తోట ఉన్న బడుల్లో పిల్లలకు కూరగాయల గురించి తెలివిడి పెరిగింది గానీ, వాళ్లు తినే కూరగాయలు పెద్దగా పెరగలేదు. తర్వాత బడితోటకు ఇంటితోటను జోడించి, తల్లిదండ్రులకు కూడా విత్తనాలు, శిక్షణ ఇచ్చి చూస్తే తినడమూ పెరిగింది. అంటే బడి గోడ దగ్గర ఆగిపోయిన పాఠం పళ్లెం దాకా రాదు. బ్రెజిల్ దీన్ని మరో వైపు నుంచి కట్టింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న కమతాల రైతుల దగ్గరే కొనాలని 2009లో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 నుంచి రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఆ గ్లాసు పట్టుకున్న పిల్లల్లో రాగి కంకిని చూసినవాళ్లు ఎంతమంది? జావ ఇచ్చే బడి పెరట్లో నాలుగు సాళ్ల రాగి, ఆ మండలంలో పండిన రాగులే వంటగదికి వస్తే బ్రెజిల్, నేపాల్ పాఠాలు రెండూ నేర్చుకున్నట్లే.

మొక్క తెలియకపోతే మూల్యం

విత్తనం సంగతి అలా ఉంచితే, మొక్కను గుర్తుపట్టడమే తగ్గిపోతోంది. చుట్టూ ఉన్న మొక్కలు కంటికి ఆనకపోవడాన్ని 1990ల చివర్లో ఇద్దరు అమెరికా విద్యావేత్తలు ఒక లోపంగా గుర్తించి పేరు పెట్టారు. బ్రిటన్‌లో 2002 నాటి ఒక అధ్యయనంలో ఎనిమిదేళ్ల పిల్లలు పోకిమాన్ బొమ్మల్ని గుర్తుపట్టినంత బాగా తమ చుట్టూ ఉన్న ప్రాణుల్ని, మొక్కల్ని గుర్తుపట్టలేకపోయారు. మన దగ్గర ఇది పిల్లలతో ఆగలేదు. కోనోకార్పస్‌ను నర్సరీల్లో పెంచి రోడ్ల పొడవునా నాటాక పుప్పొడి మీద, వేర్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. గుజరాత్ 2023లో దాన్ని నిషేధించింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో విరివిగా నాటిన ఏడాకుల పొన్న పూతకొచ్చినప్పుడల్లా జనం ఘాటుకు ఇబ్బంది పడుతున్నారు. ఏ మొక్క ఎక్కడ నాటాలో తెలియని తరం అధికారులైతే ఖర్చు అందరి మీదా పడుతుంది. అడవి ఆముదం గింజలు తిని పిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు మన పల్లెల నుంచి తరచూ వస్తూనే ఉన్నాయి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ విషమని చెప్పడం కూడా ఉపయోగపడే మొక్కల పాఠంలో మొదటి పేజీయే.

పునాది మన దగ్గరే ఉంది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి వెతకాలంటే ఉత్తరేణి, వాకుడు, వావిలి, జమ్మి తెలియాలి. బతుకమ్మకు తంగేడు, గునుగు కావాలి. ఏజెన్సీలో కొత్త పండుగలు, కోయల విత్తనాల పండుగ, లంబాడీ ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ అన్నీ బడి తలుపు బయటే నిలబడి ఉన్నాయి. ఏ మతానికో చెందిన ఆచారంగా కాక, ఆ ప్రాంతపు వృక్షశాస్త్రంగా వీటిని తరగతిలోకి తీసుకురావచ్చు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల మీద పుస్తకం తయారుచేసిన రాక్స్‌బర్గ్, ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లను కూడా వెంట రాసుకున్నాడు.

ఇక్కడే హక్కుల ప్రశ్న వస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. 2020 జనవరిలోపు పూర్తిచేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ గడువు పెట్టేసరికి చాలాచోట్ల హడావుడిగా నింపేశారు. వాటిని సరిదిద్దే పని తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. కానీ ఒక అవ్వ చెప్పిన మూలిక వైద్యాన్ని పిల్లలు రాసి అందరికీ పంచేస్తే ఆ జ్ఞానం ఎవరి పాలవుతుంది? పసుపు గాయం మాన్పే గుణంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును 1997లో రద్దు చేయించగలిగాం. మన దగ్గర రాతపూర్వక ఆధారాలు ఉండబట్టి అది సాధ్యమైంది. రాయకపోయినా నష్టమే, కాపలా లేకుండా రాసినా నష్టమే. అందుకని వైద్య జ్ఞానం గ్రామ కమిటీ అనుమతితో రిజిస్టరులోనే ఉండాలి, తిండి పంటల విత్తనం మాత్రం చేతులు మారాలి. రైతు తన విత్తనాన్ని దాచుకోవడానికి, విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి 2001 మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం హక్కు ఇచ్చింది. 1966 విత్తన చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2025లో ముసాయిదా వచ్చిన సమయంలో ఈ హక్కు సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఉండడం అవసరం.

కొత్త సబ్జెక్టు అక్కర్లేదు. 2023 జాతీయ పాఠ్య ప్రణాళిక ఆరు నుంచి ఎనిమిది తరగతుల వృత్తి విద్యలో జీవరూపాలతో పనిని ఒక భాగంగా పెట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి పుస్తకం 'కౌశల్ బోధ్'లో బడి పెరటి తోట, జీవవైవిధ్య రిజిస్టరు ప్రాజెక్టులున్నాయి. స్థానిక నిపుణులను బోధకులుగా పిలుచుకోవచ్చని 2020 విద్యా విధానం అంది. మహారాష్ట్రలో బడి ముఖం చూడని రాహీబాయి పోపెరే దేశీ విత్తనాలు నిలబెట్టి పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి అవ్వలు మన మండలాల్లోనూ ఉన్నారు. జీవశాస్త్రం టీచరుకు తెలియని పని వాళ్లకు తెలుసు. గౌరవ వేతనం ఇచ్చి, సభలో శాలువా కప్పడానికి కాక తరగతిలో పాఠం చెప్పడానికి పిలవాలి. బడికి ఒక పంట చాలు. లెక్క నాటిన మొక్కల్లో కాక, పై ఏడాదికి అందిన గింజల మొలక శాతంలో ఉండాలి.

ఇందులో శాస్త్ర సంస్థలు చేయాల్సింది ఒకటుంది. జన్యుబ్యాంకుల్లోని నమూనాలతో పాటు వాటిని ఎక్కడ సేకరించారో నమోదై ఉంటుంది. మన జొన్న, కంది, కొర్ర నమూనాల్లో చాలా వాటికి ఊరి పేర్లున్నాయి. ఆహార పంటల జన్యువనరుల అంతర్జాతీయ ఒప్పందం పరిశోధనకే కాక శిక్షణకూ నమూనాలు ఇవ్వడానికి వీలు కల్పిస్తోంది. జాతీయ జన్యుబ్యాంకు, ఇక్రిశాట్, రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, విద్యాశాఖలు కలిసి కూర్చుని, ఒకప్పుడు ఏ ఊరి రైతు దోసిలి నుంచి ఆ గింజలు తీసుకున్నారో ఆ ఊరి బడికి ఒక్కో చిన్న పొట్లం తిరిగి పంపాలి. దానికి కొత్త చట్టం, పెద్ద బడ్జెట్ అవసరం లేదు. జాబితా తీసి మొదలుపెట్టమని ఆ సంస్థలన్నిటినీ కోరుతున్నాను.